మా పాప చెవులు కుట్టించాం: క్లినిక్ నుంచి కంసాలి దాకా

పాపకి చెవులు కుట్టించే ముందు కనిపించిన ప్రతివాళ్ళనీ నేను ఒకటే అడిగాను, నొప్పి ఎంత ఉంటుందని. మూడు నెలలు గడిచాక ఇప్పుడు నన్నెవరైనా అదే అడిగితే నొప్పి గురించి రెండు ముక్కల్లో చెప్పేసి, మిగతా టైమంతా దుద్దు వెనకుండే శీల గురించి చెప్తాను. మమ్మల్ని నానా తిప్పలూ పెట్టింది ఆ శీలే.

పాప 2020 జూన్‌లో పుట్టింది. పదకొండో నెలలో కుట్టించాలని అత్తయ్యగారు ముందే అనుకున్నారు. ఆ నెల వచ్చేసరికి 2021 మే. కరోనా రెండో వేవ్‌లో పాల ప్యాకెట్‌కే గుమ్మం దాటడం లేదు, ఇంక చెవులెక్కడ. మూడో ఏట చూద్దామనుకుంటే మామయ్యగారు పోయారు, ఆ ఏడాదంతా ఇంట్లో శుభకార్యాలు లేవు. అలా అలా ఐదో ఏడు వచ్చింది. బేసి సంవత్సరమే కాబట్టి ఇంక ఆలస్యం చెయ్యొద్దన్నారు.

ఎక్కడ కుట్టించాలన్న దాని మీద ఇంట్లో చిన్నపాటి సభ జరిగింది. మా అమ్మది తెనాలి. అక్కడ మా ఇంటికి రెండిళ్ళవతల కంసాలి ఆచారిగారు ఉంటారు. నాకూ, మా అన్నయ్యకీ బంగారు తీగతో చెవులు కుట్టింది ఆయనే. అమ్మ ఓటు ఆయనకి. మా ఆయన ఓటు హైదరాబాదు నిజాంపేటలో మా ఫ్లాట్‌కి దగ్గర్లో ఉన్న నగల షాపుకి, ఎందుకంటే అక్కడ పోగులు కొంటే గన్నుతో ఊరికే కుట్టేస్తారు. నేను పాపని చూసే పిల్లల డాక్టర్ని అడిగాను. ఆవిడ చెప్పింది నాకు సబబుగా అనిపించింది. ఆ గన్నులు చాలావరకు ప్లాస్టిక్‌వి, వాటిని ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చెయ్యడం కుదరదు, స్పిరిట్‌తో తుడవడమే. తన దగ్గర దుద్దు, దాన్ని పట్టుకునే ముక్క రెండూ సీల్ వేసిన ప్యాకెట్‌లో వస్తాయట, ఒక్కసారి వాడి పారేస్తారు. చప్పుడు కూడా ఉండదట. నాలుగున్నరేళ్ళ పిల్లకి చప్పుడే పెద్ద భయం కాబట్టి క్లినిక్‌కే మొగ్గాను.

టీటీ (ధనుర్వాతం) ఇంజెక్షన్ వెయ్యాలేమోనని అందరూ భయపెట్టారు. డాక్టరమ్మ టీకాల కార్డు చూశారు. ఆరు, పది, పద్నాలుగు వారాల పెంటావాలెంట్లు (ధనుర్వాతానిది కూడా కలిసిన ఐదింటి టీకా), ఏడాదిన్నరకి వేసే బూస్టరు అన్నీ పడి ఉన్నాయి కాబట్టి విడిగా ఏమీ అక్కర్లేదన్నారు. కార్డు తీసుకెళ్ళడం మర్చిపోకండి, ఒక సూది తప్పుతుంది.

ముహూర్తం మాత్రం అత్తయ్యగారి చేతిలోనే ఉంది. 2024 నవంబరు 13, బుధవారం, క్షీరాబ్ధి ద్వాదశి. ఉదయం చెవులు, సాయంత్రం తులసి పూజ. అదృష్టంకొద్దీ డాక్టరమ్మ ఆ రోజు ఖాళీ ఇచ్చారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి కాబట్టి అన్నయ్య బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వచ్చాడు. పోగులు కూడా వాడే కొనాలి. ముందురోజు ఫోన్లో షాపు వాళ్ళు చెప్పిన రేటు విని "చెవికి పెడుతున్నామా, ఇంటికి కిటికీ పెడుతున్నామా" అన్నాడు. 22 క్యారెట్లు గ్రాము 7,000 పైనే ఉంది అప్పటికి. గ్రాము బరువున్న సాదా పోగుల జత, తరుగు, మూడు శాతం జీఎస్టీ కలిపి 8,500 దాటింది. హాల్‌మార్క్ గుర్తు ఏదని భూతద్దం పెట్టి వెతికాను, కనిపించలేదు. రెండు గ్రాముల లోపు వస్తువులకి అది తప్పనిసరి కాదని షాపులో చెప్పారు. తర్వాత చూస్తే నిజంగానే రూల్ అలాగే ఉంది. పిల్లల చెవులకి కొనేవన్నీ దాదాపు ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి నమ్మకమున్న షాపులో కొని, క్యారెట్లు, బరువు బిల్లు మీద స్పష్టంగా రాయించుకోవాలి.

అయితే ఆ పోగులు ఆ రోజు చెవికి ఎక్కలేదు. కుట్టడానికి తన ప్యాకెట్‌లోని దుద్దులే వాడాలని, బయటి బంగారం పెట్టనని డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేశారు. అత్తయ్యగారు మొహం ముడుచుకున్నారు. చివరికి పోగుల్ని పాప చెవులకి తాకించి, తిరిగి డబ్బాలో పెట్టి, ఇంటికెళ్ళాక దేవుడి దగ్గర పెట్టేలా రాజీ కుదిరింది.

మత్తు క్రీము ముందే రాసిచ్చారు. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన ట్యూబు. గంట ముందు తమ్మెలకి రెండువైపులా మందంగా రాసి, పైన వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం ముక్క చుట్టమన్నారు. ఎంత రాయాలో పిల్ల బరువుని బట్టి డాక్టరే చెప్పాలి, సొంత లెక్కలు వద్దు. ఒక చిక్కేంటంటే, ఇంట్లో రాసి బయల్దేరితే దారిలో పిల్ల గోకేస్తుంది, ఆ వేళ్ళు నోట్లోకి పోతాయి. అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని ఆటోలో కూర్చున్నాడు.

క్లినిక్‌లో ముందుగా క్రీము తుడిచి, ఊదారంగు పెన్నుతో చుక్కలు పెట్టారు. ఇక్కడ కొంచెం ఆగాలి మీరు. డాక్టరమ్మ పాపని నా ఎదురుగా కూర్చోబెట్టి "అమ్మా, సరిగ్గా ఉన్నాయా చూడండి" అన్నారు. పక్కనించి చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ చెవి చుక్క ఒక వెంట్రుకవాసి కిందకి ఉన్నట్టుంది. పిల్ల తల వంచితే ఒకలా, ఎత్తితే ఒకలా కనిపిస్తోంది. రేప్పొద్దున బుట్టలు పెడితే కిందకి ఉన్న రంధ్రం సాగిపోతుందని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినదాన్ని కదా, చెరిపి మళ్ళీ పెట్టమన్నాను. ఆవిడ ఏమాత్రం విసుక్కోకుండా పెట్టారు. ఎవరైనా విసుక్కున్నా మీరు మొహమాటపడకండి, తర్వాత మార్చడానికి వీల్లేని పని ఇదొక్కటే.

కుడి చెవి అయిపోవడం పాపకి తెలియనే తెలియలేదు. ఏదో నొక్కినట్టు అనిపించి అటు తిరిగింది, అంతే. కానీ మా అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకుని ఉండటం చూసి, ఇక్కడేదో జరుగుతోందని దానికి అనుమానం వచ్చింది. రెండు చేతులతో రెండు చెవులూ మూసేసుకుని ఏడుపు లంకించుకుంది. చాక్లెట్ అన్నాం, ఫోన్ అన్నాం, బొమ్మ అన్నాం. ఊహూఁ. పట్టుకుని చేసేద్దామా అని మా ఆయన అంటే డాక్టరమ్మ వద్దన్నారు. పట్టుకుంటే ఆఖరి క్షణంలో కదులుతుంది, వంకర పోతుంది అన్నారు. క్రీము పనిచేయడం ఇంకా కాసేపు ఉంటుంది, తొందరేం లేదని చెప్పి వేరే పేషెంట్లని చూడ్డానికి వెళ్ళిపోయారు.

ఆ అరగంట నాకు చాలా పెద్దగా గడిచింది. ఒక చెవితో ఇంటికెళ్ళిపోతే ఎలా, ముహూర్తం దాటిపోతోందని అత్తయ్యగారు అడిగితే ఏం చెప్పాలి, అసలు ఇంత చిన్నదాన్ని ఎందుకు కూర్చోబెట్టాం, ఇవే ఆలోచనలు. నర్సమ్మ ఒక చేతి అద్దం తెచ్చి పాప చేతికిచ్చి ఊరుకుంది. పాప కుడి చెవి చూసుకుంది. ఎడమ చెవి చూసుకుంది. మళ్ళీ కుడి. "దీనికి లేదేంటి?" అంది. నర్సమ్మ "నువ్వే వద్దన్నావుగా" అంది. తర్వాత నిమిషంలో పని అయిపోయింది.

రెండు చెవులకీ, దుద్దులతో కలిపి 1,800 తీసుకున్నారు. క్రీము, నొప్పికి సిరప్, సెలైన్ కలిపి మరో 400 లోపు. మత్తు దిగాక సాయంత్రం కొంచెం ఏడ్చింది. తులసి కోట దగ్గర ఉసిరికొమ్మ పెట్టి దీపాలు వెలిగిస్తున్నప్పుడు ఒకటే సణుగుడు. రాసిచ్చిన పారాసిటమాల్ సిరప్ పడ్డాక నిద్రపోయింది. మర్నాటికి నొప్పి ఊసే లేదు. నొప్పి కథ అంతే.

ఆ తర్వాతే అసలు పని మొదలైంది. డాక్టరమ్మ చెప్పింది సింపుల్‌గానే ఉంది. పొద్దున, రాత్రి చేతులు సబ్బుతో కడుక్కుని, నార్మల్ సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ ముక్కని చెవికి ముందూ వెనకా కాసేపు ఆనించి ఉంచాలి. ఎండిన పెచ్చు నానితే దానంతటదే వస్తుంది, గోటితో గీకకూడదు. తర్వాత పొడిగా అద్దాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, కొత్తగా వచ్చే చర్మాన్ని అవి పాడుచేస్తాయి. మందుల షాపువాడు పెద్ద సెలైన్ సీసా ఇవ్వబోతే వద్దని, పది ఎంఎల్ ప్లాస్టిక్ ఆంప్యూల్స్ తీసుకున్నాను. పెద్ద సీసా ఒకసారి తెరిచాక రోజుల తరబడి దాచుకోకూడదు. చిన్నదైతే తుంచి, వాడి, మిగిలింది పారబోయొచ్చు. దూది కూడా వాడకండి. దాని పోగులు దుద్దు కాడకి చుట్టుకుంటాయి, తియ్యలేక చస్తాం.

ఇంట్లో గొడవ రెండు విషయాల దగ్గర వచ్చింది. ఒకటి పసుపు, కొబ్బరినూనె. అత్తయ్యగారు చిన్న గిన్నెలో వేడిచేసి పట్టుకుని రెడీగా ఉన్నారు. రెండోది తిప్పడం. దుద్దుని రోజూ తిప్పకపోతే కండ పట్టేస్తుందని మా అమ్మ ఫోన్లో రోజూ గుర్తుచేసేది. డాక్టరమ్మని అడిగితే, పొడి చెవిలో తిప్పితే ఎండిన పెచ్చు లోపలికి పోయి పుండు రేగుతుంది, సెలైన్‌తో నానినప్పుడు దానంతటది కదిలితే చాలు, పనిగట్టుకుని తిప్పొద్దు అన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళకీ ఇదే మాట డాక్టరమ్మ నోటితో వినిపించాను, స్పీకర్ ఆన్ చేసి. నేను చెప్తే వినేవాళ్ళు కాదు. పసుపునూనె గిన్నె పాప అరికాళ్ళకి వెళ్ళిపోయింది.

ఇంక రోజువారీ చిక్కులు ఎవరూ ముందు చెప్పనివి. తల మీదుగా తొడిగే టీషర్టు మొదటి శత్రువు. మెడ పట్టీ సరిగ్గా దుద్దుకే తగులుతుంది. ఆరు వారాలు ముందు బొత్తాలున్న గౌనులే వేశాం. స్కూల్ యూనిఫాం ఎలాగూ బొత్తాల చొక్కానే, కానీ ఐడీ కార్డు తాడు మెడలోంచి తీసేటప్పుడు చెవికి చుట్టుకుంటుంది. కార్డు చొక్కాకి పిన్నుతో పెడతామని టీచర్‌కి చెప్పాం. డిసెంబర్లో ఉన్ని స్వెట్టర్ మరీ అన్యాయం, దాని దారాలు శీలకి పట్టుకుంటాయి. జుట్టు వదిలేస్తే చిక్కు, అందుకని రెండు పిలకలు పైకి. దువ్వెన బదులు చెవుల దగ్గర వేళ్ళతోనే సర్దడం. తలస్నానం ఆదివారం మాత్రమే, చెవి వెనక కుంకుడురసం నురగ నిలవకుండా మంచినీళ్ళు ధారగా పొయ్యడం. తుండుగుడ్డతో తల తుడిచే పని మా ఆయనకి ఇవ్వడం మానేశాను.

అన్నిటికన్నా కష్టం నిద్ర. పాప ఎప్పుడూ కుడివైపే తిరిగి పడుకుంటుంది. నేను రాత్రి లేచి ఇటు తిప్పితే నిమిషంలో అటు తిరిగేది. బస్సు ప్రయాణాల్లో మెడ చుట్టూ పెట్టుకునే వంకీ దిండు ఉంటుంది చూడండి, దాన్ని తలకింద పెట్టి, చెవి మధ్య ఖాళీలోకి వచ్చేలా పడుకోబెట్టమని పక్క ఫ్లాట్ అక్క చెప్పింది. ఆ సలహా రెండు వారాలు ముందొచ్చి ఉంటే బాగుండేది.

ఎందుకంటే నవంబరు చివర్లో, శనివారం పొద్దున, కుడి చెవి తమ్మె ఉబ్బి ఉంది. ముందునుంచి దుద్దు కనిపిస్తోంది. వెనక్కి తిప్పి చూస్తే శీల సగమే కనిపించింది. మిగతా సగం మీదకి చర్మం ఎక్కేసి, ఆ అంచు ఎర్రగా, మెరుస్తూ ఉంది. ముట్టుకుంటే పాప చెయ్యి తోసేసింది. క్లినిక్ సోమవారం దాకా లేదు. ఫోటో తీసి వాట్సాప్ పెడితే డాక్టరమ్మ, జ్వరం లేదు కదా, ఎరుపు తమ్మె దాటి పైకి పాకలేదు కదా అని రెండే అడిగి, సెలైన్ కొనసాగించండి, దుద్దు మాత్రం మీరు లాగెయ్యొద్దు అన్నారు. నాకూ మా ఆయనకీ ఆ రెండు రాత్రులూ నిద్రలేదు. తీసేద్దామని ఒకరికి అనిపిస్తే ఇంకొకరు ఆపడం. తీసేస్తే రంధ్రం పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుందని సోమవారం వివరంగా చెప్పారు. అలాగని శీల పూర్తిగా లోపలికి పోయినా, జ్వరం వచ్చినా, ఎరుపు పైన గట్టిగా ఉండే మృదులాస్థి దాకా వెళ్ళినా సోమవారం కోసం ఆగకూడదట, ఏ ఆస్పత్రికైనా వెంటనే వెళ్ళాలట.

డిసెంబరు 2న ఆవిడ చేసింది చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెవిని సెలైన్‌లో బాగా నానబెట్టి, ముందువైపు దుద్దుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో శీలని ఒక్క గాడి వెనక్కి జరిపారు. అంతే. కుట్టిన దుద్దు కాడకి కొస దగ్గర చిన్న చిన్న గాడులుంటాయి, శీల వాటిలో టక్కుమని కూర్చుంటుంది. దిండు ఒత్తిడికి అది ముందు గాడిలోకి జరిగిపోయిందట. చెవి వాస్తే శీల వెనక్కి జరగదు, చర్మమే దాని మీదకి ఎక్కుతుంది. గాలి ఆడదు, చెమ్మ నిలుస్తుంది, పుండవుతుంది. "శీలకీ చెవికీ మధ్య ఒక బియ్యపు గింజ పట్టేంత సందు ఎప్పుడూ ఉండాలి, రోజూ రాత్రి అది చూసి పడుకోబెట్టండి" అన్నారు. నేను రోజూ ముందువైపే చూస్తున్నాను, అందరూ చూసేది అటే. ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వారం రాయమన్నారు. ఫీజు 600. మూడోరోజుకి వాపు తగ్గింది.

మొదట అనుకున్న ప్రకారం ఆరు వారాలకి, అంటే డిసెంబరు 25కి దుద్దులు మార్చొచ్చు. కుడి చెవి పేచీ వల్ల ఎనిమిది వారాలు ఆగమన్నారు. జనవరి 8. భోగి 13న. అత్తయ్యగారు తన పాత గొలుసు కరిగించి మనవరాలికి బుట్టకమ్మలు చేయించి పెట్టారు, భోగిపళ్ళకి అవి పెట్టాల్సిందే అని పట్టుదల. రోజువారీకి ఒక రాయి దుద్దుల జత నేను డిసెంబర్లో కొన్నాను, గ్రామున్నర పైన, 13,100 అయింది. షాపులో అమ్మాయి "ఇప్పుడే మార్చేస్తాం మేడమ్" అని కౌంటర్ మీదే చెయ్యి చాపింది. దండం పెట్టి వచ్చేశాను.

జనవరి 9 సాయంత్రం, స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. టీవీలో కార్టూన్, మా ఆయన చేతిలో మొబైల్ టార్చ్, కింద తెల్ల దుప్పటి, జారిపడితే కనిపించడానికి. కొత్త దుద్దుల్ని మరిగించిన నీళ్ళలో ఉంచి తీశాను. బేసిన్‌కి మూత పెట్టాం, ఈ మాట నవ్వులాటకి చెప్పట్లేదు. పాత దుద్దు శీల రావడానికే చాలాసేపు పట్టింది. ఎండిన చెమ్మ జిగురులా పట్టేసింది. తడిగుడ్డ ఆనించి పది నిమిషాలు ఆగితే కదిలింది.

ఎడమ చెవికి కొత్త దుద్దు కాడ ముందునుంచి సగం వెళ్ళి ఆగిపోయింది. నెడితే పాప "అబ్బా" అంది. బయటికి తీసి పాత దాని పక్కన పెట్టి చూశాను. తేడా అప్పుడు కంటికి కనిపించింది. కుట్టిన దుద్దు కాడ సన్నగా, నున్నగా, కొస మొనదేలి ఉంది. బంగారు దుద్దు కాడ దానికన్నా లావు, కొస చదును, పైగా శీల తిరగడానికి కాడ పొడవునా మర ఉంది. వేలిగోటితో రాస్తే గరగరలాడింది. ఆ మరని కొత్త రంధ్రంలోంచి లాగుతున్నామన్నమాట. బుట్టల కాడ చూస్తే అంతకన్నా లావు. షాపుల్లో బరువు చెప్తారు, డిజైన్ చూపిస్తారు, కాడ మందం గురించి అడిగినవాళ్ళని నేను చూడలేదు. ఆ రాత్రికి పాత దుద్దునే కడిగి, మరిగించి మళ్ళీ పెట్టేశాను. రంధ్రం ఖాళీగా ఉంచితే ఈ వయసులో గంటల్లోనే ముడుచుకుపోతుంది.

11న, రెండో శనివారం, తెనాలి వెళ్ళాం. ఊరు చేరగానే అమ్మ ఆచారిగారిని పిలిచింది. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం పెట్టుకుని పాప చెవి వెనక చూశారు, ముందు కాదు. "కొత్త చెవికి మర దుద్దులేంటి అమ్మాయ్, మేనమామ పోగులేవి?" అన్నారు. దేవుడి దగ్గర పెట్టిన పోగుల డబ్బా అత్తయ్యగారు పండక్కని తెచ్చారు, అది ఇచ్చాను. పోగు ఒక కొసని ఆకురాయితో రాసి, వేలి మీద గీరి చూసుకుని, మళ్ళీ రాసి, నున్నగా అయ్యేదాకా వదల్లేదు. నేను మరిగించి ఇస్తానంటే "మరిగించమ్మా, నీ డాక్టరు చెప్పినట్టే" అని నవ్వారు.

ఆయన చేసిన పద్ధతి ఇది. పాత దుద్దు తియ్యగానే చెవి వెనకనుంచి సన్న బంగారు తీగ ఒకటి, మా అమ్మ మరిగించిందే, మెల్లగా పంపారు. నేను ముందునుంచి పొడుస్తుంటే దొరకని దారి వెనకనుంచి వెంటనే దొరికింది. రంధ్రం తిన్నగా కాకుండా కొంచెం ఏటవాలుగా ఉందట. ముందుకొచ్చిన తీగ కొసకి పోగు కొస ఆనించి, తీగని వెనక్కి లాగుతూ దాని వెంటే పోగుని పోనిచ్చారు. పాప అరిసె తింటూనే ఉంది. తర్వాత పోగుని వేళ్ళతోనే గుండ్రంగా నొక్కి, కొసలు కలిపి, ముడి కిందకి వచ్చేలా తిప్పారు. కుడి చెవికి కొంచెం నెత్తురు చెమ్మ కనిపించింది, ఆగిపోయింది. "పోగైతే వెనక నొక్కేదేం ఉండదు. చెవి వాచినా చోటుంటుంది. ఏడాది తిరగనీ, అప్పుడు దుద్దులు" అన్నారు. డాక్టరమ్మ బియ్యపు గింజ అని చెప్పిందీ ఇదే కదా అనిపించింది నాకు. డబ్బులు తీసుకోలేదు, అమ్మ తాంబూలంలో పెట్టి 500 ఇచ్చింది.

ఈ వివరం చదివి పోగులతోనే కుట్టించేస్తే పోలేదా అని మీకు అనిపించొచ్చు. మా అమ్మా అదే అంటుంది. నేను మాత్రం మళ్ళీ అయినా క్లినిక్‌లోనే కుట్టిస్తాను, మత్తు క్రీము కోసమూ, సీల్ విప్పిన కొత్త దుద్దు కోసమూ. కాకపోతే వెనక శీల బదులు మొదటి మార్పుకి పోగులే పెట్టిస్తాను.

భోగిరోజు సాయంత్రం బుట్టల సంగతి మళ్ళీ వచ్చింది. అత్తయ్యగారు ఒక్క గంటకే కదా అన్నారు. ఆచారిగారు అప్పుడే అరుగు మీద కాఫీ తాగుతున్నారు కాబట్టి ఆ మాట ఆయనే తేల్చేశారు. రేగుపళ్ళు, చిల్లర, పూలరెక్కలు తల మీదనుంచి పోస్తుంటే రెండు రేగుపళ్ళు నేరుగా చెవి మీదే పడ్డాయి. పోగులు కాబట్టి పాప పట్టించుకోలేదు. బుట్టలు ఫోటో కోసం చెవి పక్కన పట్టుకుని నిలబడ్డాం.

ఇప్పుడు 2025 ఫిబ్రవరి సగం అయింది. సెలైన్ మానేశాం, స్నానంలో నీళ్ళు పడితే చాలు. టీషర్టులు తిరిగొచ్చాయి. మొత్తం లెక్క వేస్తే వైద్యం ఖర్చు మూడు వేల లోపే, బంగారం ఇరవై రెండు వేలకి దగ్గర. ఎడమ చెవికి ఏ గొడవా లేదు. కుడి తమ్మె వెనక, వేలికి తగిలేలా చిన్న గట్టి ముడి మిగిలింది. వాచి మానిన చోట అలా ఉంటుందని, అది రంధ్రం అంచు దాటి పెరుగుతూ పోతే మాత్రం కెలాయిడ్ (మానిన మచ్చ అదుపు లేకుండా పెరగడం) అనుకోవాలని, మా రెండు కుటుంబాల్లో ఎవరికీ లేదు కాబట్టి ఏప్రిల్ దాకా చూద్దామని డాక్టరమ్మ అన్నారు. నెలకోసారి ఒకే కోణంలో ఫోటో తీసి పెట్టుకుంటున్నాను.

నా రాయి దుద్దులు షాపువాళ్ళు వెనక్కి తీసుకోం అన్నారు, మారిస్తే తరుగు పోతుందన్నారు, అందుకని ఆచారిగారు చెప్పిన ఏడాది తిరిగేదాకా బీరువాలోనే. అత్తయ్యగారు మాత్రం ఊరుకోలేదు. బుట్టల కాడని సన్నం చేసి, మర లేకుండా వెనక కొక్కెం పెట్టించడానికి ఆచారిగారికి ఫోన్ చేశారు. ఆయన సరేనన్నారు. గ్రాము రేటు ఎనిమిది వేలకి చేరింది కదా, ఆకురాయికి రాలే పొడి ఎవరిదన్న దగ్గర ప్రస్తుతం బేరం నడుస్తోంది.